షార్జా నుంచి అమ్మకు

అమ్మా,

నేను క్షేమం. సెంట్రింగ్ పని నడుస్తోంది, జీతం కాస్త ఆలస్యంగా అయినా అందింది. జగిత్యాల అన్న చేతికిచ్చి పంపిన సకినాలు ఒక్కటీ విరగకుండా వచ్చాయి. గదిలో ఆరుగురం పంచుకున్నాం. ఆ నువ్వుల వాసనకు, వాము వాసనకు కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

బాపు సంగతి చెల్లె చెప్పింది. నువ్వు దాచావు. రాత్రి అన్నం ముందు నుంచి లేచిపోతున్నాడట. పత్తి తడిసి ఎనుమాముల మార్కెట్లో ధర రాలేదన్నావు గానీ, మూడు రూపాయల వడ్డీకి మళ్లీ తెచ్చారని ఎందుకు చెప్పలేదు? దూరాన ఉన్నాను, తెలిస్తే కుమిలిపోతాననుకున్నావా? తెలియకపోతేనే నాకు నిద్ర పట్టదమ్మా.

2023 జూలైలో మోరంచవాగు ఊళ్లోకి వచ్చిన తెల్లవారుజామున, మిద్దె మీద బాపు మనందరినీ పేరుపేరునా పిలిచి లెక్కపెట్టుకున్నాడు. నానమ్మను నడుమ కూర్చోబెట్టుకుని చుట్టూ మనం. బర్రెలు పోయాయి, బియ్యం పోయాయి, అయినా అందరం ఒక్కచోట ఉన్నాం. ఇప్పుడు ఈ అప్పులను ఆయన ఒక్కడే లెక్కపెట్టుకుంటున్నాడు.

చెల్లె నోటుపుస్తకంలో అన్నీ రాయండి: బ్యాంకుది, సంఘానిది, వడ్డీ ఆసామిది, కిరాణా ఖాతా కూడా. బాపు చెప్పాలి, చెల్లె రాయాలి, నువ్వు పక్కన కూర్చోవాలి. ఎక్కువ వడ్డీది ముందు నేను తీరుస్తాను. చెల్లె చదువు ఆపుదామన్న మాట మాత్రం ఇంట్లో ఎవరి నోటా రావద్దు. నువ్వు సంఘం మీటింగ్ మానకు. కిస్తీ కట్టలేకపోయామని ముఖం చాటేస్తే రేపు మన కష్టం వినేదెవరు?

"నేను లేకున్నా మీరు బతుకుతారులే" అని బాపు అన్నాడట. ఆ మాటను తేలిగ్గా తీసుకోకు. పురుగుమందు డబ్బాలు ఈ రోజే బాబాయి ఇంటికి పంపించు, ఒక్కటీ మన ఇంట్లో ఉండకూడదు. మనసు బాగాలేనివాళ్ల కోసం సర్కారు పెట్టిన నంబరు 14416కు ఫోను చేస్తే రాత్రయినా తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. గోడ మీద సుద్దతో రాసి పెట్టు. మనసు బాగాలేకపోవడం జ్వరం లాంటిదే, దాచుకోవలసిన పని లేదు.

మేడారంలో నిలువెత్తు బంగారం మొక్కుకున్నావట. ఆ బంగారమంటే బెల్లమే కదా, దానికి డబ్బులు పంపుతాను. బాపును కూడా బండెక్కించు, ఇంటి దగ్గర ఒక్కడినే వదలకు.

ఆదివారం ఫోను ఆయన చేతికివ్వు. అప్పు మాట ఎత్తను. బర్రె ఈనిందా, దూడ ఎలా ఉంది అని అడుగుతాను.

నీ కొడుకు