భోగి రోజు వెనక్కి పంపిన పిల్లల గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

సంక్రాంతి సెలవులు అయిపోయి బడి తెరిచాం గానీ, తరగతుల వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా భోగి రోజే నడుస్తోంది. "జలుబుకే ఇంత రాద్ధాంతమా" అని కొందరు, "అసలు క్యాన్సర్ పిల్లల దగ్గరికి మన పిల్లల్ని తీసుకెళ్లడమేంటి" అని ఇంకొందరు. ఈ ఇద్దరూ ఒకరికొకరు జవాబు చెప్పుకుని ఉంటే నాకు ఈ లేఖ రాసే పని తప్పేది.

జరిగింది ఇది. ఊళ్లో ఒక ఆసుపత్రిలో చికిత్స తీసుకుంటున్న పిల్లలతో భోగి జరపడానికి ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు తమంతట తాము పేర్లిచ్చారు. సెలవుల్లోనూ బడికొచ్చి సాధన చేశారు. ఆ ఉదయం బస్సెక్కే ముందు అందరికీ థర్మామీటర్ పెట్టి చూశాం. ఎవరికీ జ్వరం లేదు. కానీ ఒక అబ్బాయి ముఖం చూసి అనుమానమొచ్చి అడిగితే చెప్పేశాడు: "రాత్రి నుంచీ ఉండాది మేడమ్. అమ్మ డోలో వేసింది, మధ్యాహ్నం దాకా తెలీదులే అనింది." వాడినీ, వాడితో కలిసి సాధన చేసిన కోలాటం బృందాన్నీ ఇంటికి పంపాం. అద్దె డ్రస్సుల డబ్బు దండగైన మాట నిజమే, పిల్లలు ఏడ్చిన మాటా నిజమే. ఆ అబ్బాయిని మాత్రం ఎవరూ ఒక్క మాట అనొద్దు. నిజం చెప్పినవాడు వాడు.

క్యాన్సర్ అంటువ్యాధి కాదు. ఆ పిల్లల పక్కన కూర్చున్నా, చేయి పట్టుకున్నా మనవాళ్లకు ఏమీ కాదు. భయపడాల్సింది ఆ పిల్లల అమ్మానాన్నలు. క్యాన్సర్‌కు ఇచ్చే కీమో మందులు రక్తకణాలు తయారయ్యే ఎముక మజ్జను కూడా దెబ్బతీస్తాయి కాబట్టి, రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలు పడిపోతాయి. అలాంటప్పుడు జ్వరం వస్తే ఎమర్జెన్సీ కిందే లెక్క. వెంటనే అడ్మిట్ చేసి యాంటీబయాటిక్స్ ఎక్కిస్తారు, తర్వాతి కీమో వాయిదా పడొచ్చు. చిన్నపిల్లల్లో ఎక్కువగా కనిపించే రక్త క్యాన్సర్‌కు చికిత్సే రెండు మూడేళ్లు నడుస్తుంది. ఇక ఆటలమ్మ అయితే, పొక్కులు కనబడక ముందే, ఒకటి రెండు రోజుల నుంచే అంటుకోవడం మొదలుపెడుతుంది. మన ఇంట్లో వేపాకు కట్టి సెలవు పెడితే సరిపోయే ఆ జబ్బు వాళ్లకు ప్రాణం మీదికి రావచ్చు.

మాత్ర వేసి బడికి పంపడం ఆ ఒక్క ఇంటి అలవాటేమీ కాదు. రెండో పీరియడ్ అయ్యేసరికి బల్ల మీద తల వాల్చేసే పిల్లలు మాకు కొత్త కాదు. ఫోన్ చేస్తే "పొద్దున బాగానే ఉన్నాడే మేడమ్" అంటారు. ఉద్యోగాలు, సెలవు దొరకకపోవడం, అన్నీ నాకు తెలుసు. కనీసం ఏ మాత్ర ఎన్నింటికి వేశారో డైరీలో రాసి పంపండి, చాలు. అలాగే బొమ్మలు సేకరించమంటే కన్ను ఊడిన టెడ్డీబేర్లు వచ్చాయి. మేం రాసి పంపింది "కొత్తవి, తుడిచి శుభ్రం చేయగలిగేవి" అని. మీ అటకలు ఖాళీ అయినందుకు మాకు సంతోషమే.

వెళ్లినవాళ్ల గురించి చెప్పకుండా ఉండలేను. మమ్మల్ని వార్డులోకి కాదు, కింద హాల్లోకి రానిచ్చారు. డాక్టర్లు సరేనన్న పిల్లలు మాస్కులతో వచ్చారు. పచ్చి పళ్లు, పూరేకులు, ముగ్గుపిండి, బయటి తిండి ఏవీ కుదరవన్నారు. అరిసెలు లేని సంక్రాంతి ఏం సంక్రాంతి అని నేనే అనుకున్నాను. మన అమ్మాయిలు నారింజ రంగు కాగితంతో రేగుపళ్లు చేసి, ఒక్కో బిడ్డకు ఒక్కో కవరు కట్టి, వాటితోనే భోగిపళ్లు పోశారు. గొబ్బెమ్మలు కూడా కాగితమే. ఇద్దరు అబ్బాయిలు అట్టపెట్టెలతో గంగిరెద్దు కట్టారు. ఏమడిగినా తల ఊపడమే కదా గంగిరెద్దు పని. ఒక చిన్నవాడు దగ్గరికొచ్చి, "రేపు ఇంటికి పంపిస్తారా బసవన్నా" అని అడిగాడు. ఎద్దు ఆగిపోయింది. "తొందరగా తగ్గిపోతుంది" లాంటి మాట ఇవ్వొద్దని మేం ముందే చెప్పి ఉన్నాం. రెండు క్షణాలకు లోపల్నుంచి గొంతు వచ్చింది: "డాక్టరమ్మనే అడుగుదామా?" చిన్నవాడు సరేనన్నాక అప్పుడు ఊపింది తల. ఆ ఎద్దు ముందు కాళ్లకు లెక్కల్లో 35 దాటితే గొప్ప. పేరు రాస్తే సిగ్గుపడతాడు, రాయను. తొమ్మిదో తరగతిని అడగండి, చెబుతారు.

ఇప్పుడు నా పాత పాట. పిల్లలు చేయగలిగింది చేశారు, పెద్దల సంగతేంటి? కీమోలో ఉన్న పిల్లలకు ప్లేట్‌లెట్లు, అంటే రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన కణాలు, బాగా పడిపోతే రక్తస్రావం మొదలవ్వొచ్చు. దానమిచ్చిన ప్లేట్‌లెట్లు 5 రోజులకు మించి నిల్వ ఉండవు. పండగ ముందు వారమే రక్తం ఇచ్చేశామంటే కనుమ తర్వాత బిడ్డకు ఆ ప్లేట్‌లెట్లు పనికిరావు. కనుమకు సగం ఊరు సొంతూళ్లకు పోతుంది, మిగిలిన సగం రంగంపేటలో పశువుల పండగ చూస్తుంది, చికిత్స మాత్రం ఆగదు. రుయా, స్విమ్స్ ఆసుపత్రులకు, 2021లో మొదలైన పిల్లల గుండె ఆసుపత్రి పద్మావతి హృదయాలయానికి ఎక్కడెక్కడి నుంచో బిడ్డల్ని ఎత్తుకొని వస్తారు. వాళ్లకు ఇక్కడ రక్తమిచ్చే బంధువులెవరు? 18 నుంచి 65 ఏళ్ల లోపు, 45 కిలోలకు తగ్గని బరువు, 12.5 హిమోగ్లోబిన్ ఉండి, ఆరోగ్యంగా ఉంటే మీరు ఇవ్వొచ్చు. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి. పేరెంట్స్ మీటింగులో ఈ మాట ఎత్తగానే ఫోన్లు చూసుకునే నాన్నలందరినీ నేను గుర్తుపెట్టుకుంటున్నాను.

మూడో టర్మ్ ఫీజు, పదో తరగతి ప్రీ-ఫైనల్ టైమ్‌టేబుల్, బస్సు పాసులు అన్నీ నోటీసు బోర్డులో ఉన్నాయి, చూసుకోండి.

ఉగాదికి మళ్లీ వెళ్తున్నాం. మొదటి అవకాశం ఈసారి ఆగిపోయిన కోలాటం పిల్లలదే. అనుమతి పత్రంలో "గత మూడు వారాల్లో ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు, ఆటలమ్మ" అనే గడి ఉంటుంది. దాంట్లో ఉన్నది ఉన్నట్టు రాయండి. ఉగాది పచ్చడికి కూడా అక్కడ అనుమతి లేదు. ఆరు రుచులకు బదులు ఏం పట్టుకెళ్లాలో ఎనిమిదో తరగతిలో వాదన జరుగుతోంది. చేదు వదిలేద్దామనేవాళ్లే ఎక్కువమంది ఉన్నారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు, తిరుపతి