ఎడారి ట్రెక్కులో పడకెక్కడ, మరుగెక్కడ?

సంపాదకులకు,

సంక్రాంతి సెలవులు దగ్గరపడేసరికి జైసల్మేర్ ఎడారి ట్రెక్కుల ప్రకటనలు మొదలవుతాయి. ఒంటె సవారీ, దాల్ బాటీ, చలిమంట చుట్టూ పాటలు అన్నీ రాస్తారు. రాత్రి దేనిమీద పడుకోబెడతారో, పొద్దున్నే ఎక్కడికి వెళ్లాలో రాయరు. డబ్బు కట్టేముందు అడగాల్సినవి ఆ రెండే.

సమ్, ఖూరీ ఇసుక తిన్నెల వైపు జనవరి రాత్రుల్లో 5 డిగ్రీల చలి మామూలే. పొడిగాలి, మబ్బులేని ఆకాశం వల్ల పగలంతా కాగిన ఇసుక పొద్దుగూకగానే చల్లబడిపోతుంది. మనవాళ్లు పైన రెండు రగ్గులు కప్పుకుని కింద పల్చటి దుప్పటి పరుచుకుంటారు. ఒంట్లో వేడిని లాగేసేదేమో కింది ఇసుక. రెండు రగ్గులే ఉంటే ఒకటి కిందికే వెయ్యాలి, దాని అడుగున ఫోమ్ మ్యాట్ ఉండాలి. తిన్నె కొన మీద గాలి కొడుతుంది, పల్లంలో చల్లగాలి చేరి నిలుస్తుంది. గాలి తగలని వాలున, పల్లానికి కాస్త ఎగువన పడుకోవడం మేలు. మామూలు మేకులు ఇసుకలో పట్టవు. చిన్న సంచిలో ఇసుక నింపి, దాని నడుముకు టెంటు తాడు కట్టి, అడుగు లోతున అడ్డంగా పాతితే కదలదు. నిప్పుల కుంపటిని మాత్రం టెంటులోకి రానివ్వకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

స్లీపింగ్ బ్యాగులు చాలామంది వాడినవి. పెద్ద నూలు దుప్పటిని నిలువునా మడిచి అడుగున, పక్కన కుట్టుకుంటే సంచి అవుతుంది. అందులో దూరి బ్యాగులో పడుకుంటే ఇతరుల చెమట, గజ్జి భయం తగ్గుతుంది. పొద్దున బ్యాగును తిరగేసి అరగంట ఎండబెట్టాలి. బూట్లు దులపకుండా తొడుక్కోవద్దు, తేళ్లు దూరతాయి.

ఇక మరుగు సంగతి. మలాన్ని ఇసుకలో పూడిస్తే అదే కలిసిపోతుందనుకోవడం పొరపాటు. ఏడాదికి దాదాపు 200 మి.మీ. వానే పడే చోట కుళ్లడానికి తేమ ఉండదు. తిన్నె కదిలితే పూడ్చినదంతా పైకి తేలుతుంది. అందుకని తిన్నెల మధ్య గట్టినేల చూసుకుని, బావులకూ కుంటలకూ కనీసం 60 మీటర్ల దూరంలో జానెడు లోతు గుంట తవ్వాలి. అర లీటరు నీళ్లతో ఆ గుంటలోనే కడుక్కుని పూడ్చాలి. వైప్స్, ప్యాడ్లు పూడిస్తే కుక్కలు, నక్కలు తవ్విపోస్తాయి. వాటిని జిప్ కవరులో వెనక్కి తెచ్చుకోవాలి. చెత్తకు అలవాటుపడ్డ కుక్కలు నేలమీద గుడ్డుపెట్టే బట్టమేక పక్షికి (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) ముప్పు. మిగిలిన కొద్ది బట్టమేకలూ ఎక్కువగా జైసల్మేర్ చుట్టూనే ఉన్నాయి. 1988లో ఈ పక్షి కోసం కర్నూలు వైపు రోళ్లపాడు అభయారణ్యం పెట్టుకున్న మనకు ఆ ముప్పు తెలియాలి.

ఆడవాళ్లు చాటు లేదని నీళ్లు తాగడం మానేస్తారు. మూత్రంలో మంట, జ్వరం తరచూ మొదలయ్యేది దానివల్లే. విడిది నుంచి యాభై అడుగుల్లో జిప్ టెంటు, లోపల బకెట్టు, టార్చి ఉంటే చాలు, ఆ భయం పోతుంది. స్నానానికి బదులు లీటరు గోరువెచ్చని నీళ్లు, తడిగుడ్డ సరిపోతాయి. ముందు ముఖం, తర్వాత చంకలు, గజ్జలు, చివర్లో కాలివేళ్ల సందులు తుడిచి ఆరబెట్టుకోవాలి. ఇసుక, జిడ్డు ఉన్న చేతుల మీద శానిటైజర్ సరిగా పనిచేయదు, సబ్బే వాడాలి.

తలకు ఎన్ని రగ్గులు, రోజుకు ఎన్ని లీటర్ల నీళ్లు, ఎంతమందికి ఒక మరుగుదొడ్డి అన్న మూడు అంకెలనూ నిర్వాహకులు ప్రకటనలోనే అచ్చువేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు, హైదరాబాద్