బస్టాండులో పక్కన కూర్చున్న అన్నకు

అనంతపురం బస్టాండులో ఆ రాత్రి మా పిల్లోడి పక్కన కూర్చున్న అన్నా, మీ పేరు తెలీదు. వాడి అనుమతితోనే ఈ కృతజ్ఞతలు రాస్తున్నాం.

"చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడిగారు. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు, బరువు కొంత దిగుతుంది. వాడికి అబ్బాయిలంటే ఇష్టమని విన్నాక "పెళ్లైతే సరిపోతుంది" అనలేదు. చాలామంది అక్కడే తప్పుతారు. ఈ ఇష్టాన్ని మారుస్తామనే వైద్యం వృత్తిపరమైన తప్పని 2022లోనే జాతీయ వైద్య కమిషన్ తేల్చింది.

ఇంటికి ఫోన్ చేసేముందు వాణ్ణే అడిగారు. అదెంత మేలో! వాణ్ణి అడక్కుండా ఈ విషయం ఇంట్లో బయటపెడితే దెబ్బలు, గెంటివేత, బలవంతపు పెళ్లి. ప్రమాదం అక్కడే పెరుగుతుంది. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు కలిపి, అవతల తెలుగు గొంతు వినిపించేదాకా కదల్లేదు. వాడు నమ్మే అక్కతో చెప్పి ఇంట్లోని పురుగుల మందు తీయించేశారు.

మర్నాడు మళ్లీ ఫోన్ చేశారు. ఆ ఫోన్ కోసం వాడు పొద్దున్నుంచీ ఎదురుచూశాడన్నా.