చెరకు రసం బండ్ల వారికి శిక్షణ గురించి ఆహార భద్రతా కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి నమస్కారం.

నిన్న మధ్యాహ్నం మా బస్టాండు ఎదుట చెరకు రసం బండి యజమాని, గోనెపట్టా చుట్టి రోడ్డు వారగా ఉంచిన ఐసు దిమ్మను పగలగొట్టి, అదే చేత్తో డబ్బులు పుచ్చుకొని, ఎవరో తాగిన గ్లాసును బకెట్‌లోని మురికి నీళ్లలో ఒక్కసారి ముంచి నాకు రసం పోసి ఇచ్చాడు. ఆయనను తప్పుపట్టలేను, చేపలకు వాడే ఐసు వేరు, తాగేదానిలో వేసే ఐసు వేరు అని ఇన్నేళ్లలో ఎవరూ చెప్పలేదట.

నీరు గడ్డకట్టినంత మాత్రాన అందులోని క్రిములన్నీ చావవు. టైఫాయిడ్, కలరా, కామెర్లు ఈ దారినే వస్తాయి. 2006 నాటి ఆహార భద్రతా చట్టం వీధి వ్యాపారులకూ వర్తిస్తుంది, ఫాస్టాక్ పేరిట వారికి శిక్షణా ఉంది. అయితే రోజు బేరం మీద బతికేవారు దాన్ని వదులుకొని ఏ హాలుకో వచ్చి కూర్చోరు కనుక, వేసవి ఊపందుకోకముందే, ఫిబ్రవరిలో, మీ సిబ్బందే ఉదయం పూట బండ్ల దగ్గరకు వెళ్లి తెలుగులో చేసి చూపించి నేర్పేలా ఆదేశించగలరు. తినడానికి పనికిరాని ఐసుకు నీలిరంగు కలపాలన్న నిబంధనను ఐసు ఫ్యాక్టరీల్లో అమలు చేయించకపోతే మాత్రం ఈ పాఠం సగమే పనిచేస్తుంది. బండికొక కుళాయి డ్రమ్ము ఇప్పించగలిగితే ఆ బకెట్ అవసరమూ తీరుతుంది.

ఇట్లు,
ఆ బండి దగ్గరే రోజూ తాగే ఒక పౌరుడు