సూది పట్టు సరే, రుజువు దేనికి?

సంపాదకుడు గారికి,

ఆక్యుపంక్చర్ మీద ఇన్నాళ్లూ రెండు రకాల రాతలే చదివాం. నాడుల్లో శక్తి ప్రవహిస్తుందని ఆకాశానికెత్తేవి కొన్ని, అంతా భ్రమేనని కొట్టిపారేసేవి కొన్ని. ఇప్పుడు మూడో రకం వస్తోంది. నా పేచీ దానితోనే. మీ ఆరోగ్యం పేజీలో, సూది ప్రభావం సంయోజక కణజాలంలో (చర్మాన్ని, కండరాలను, అవయవాలను కలిపి పట్టి ఉంచే కణజాలంలో) శాస్త్రీయంగా రుజువైందని పైన ఒక వ్యాసం, దాని కిందే షుగర్, థైరాయిడ్, మోకాళ్ల నొప్పులు అన్నీ గ్యారంటీగా తగ్గిస్తామని ఒక క్లినిక్ ప్రకటన. అనాటమీ పాఠాలు చెప్పే నాకు ఆ పరిశోధన అంటే ఇష్టం. అందుకే దాన్ని ఇలా వాడుకుంటుంటే ఒళ్లు మండుతోంది.

అసలు జరిగేదేమిటో చెబుతాను. గుచ్చిన సూదిని వైద్యుడు రెండు వేళ్ల మధ్య పట్టుకుని తిప్పుతాడు. కాసేపటికి సూది లోపల పట్టేస్తుంది. మెల్లగా లాగితే చుట్టూ ఉన్న చర్మం కూడా దానితో పాటు పైకి లేస్తుంది. కండరం బిగుసుకోవడం వల్లే ఇలా అవుతుందని చాలామంది అనుకునేవారు. అమెరికాలోని వెర్మాంట్ విశ్వవిద్యాలయంలో పరిశోధకురాలు హెలెన్ లాంజ్‌విన్ బృందం దీన్ని కొలిచి చూసింది. 2001లో వచ్చిన వాళ్ల అధ్యయనంలో 60 మంది ఆరోగ్యవంతులకు కంప్యూటర్ నడిపే పరికరంతో సూదులు గుచ్చి, బయటికి లాగడానికి ఎంత బలం పట్టిందో లెక్కగట్టారు. తిప్పకుండా వదిలేసిన సూదితో పోలిస్తే, ఒకే వైపు తిప్పిన సూదికి 167 శాతం, అటూ ఇటూ తిప్పిన సూదికి 52 శాతం ఎక్కువ బలం కావాల్సి వచ్చింది. ఆ మరుసటి ఏడాది ఎలుకల కణజాలంలో చూస్తే, సూదిని పట్టుకుంటున్నది కండరం కాదు, చర్మం కింద ఉండే సంయోజక పొర అని తేలింది. కదురుకు నూలు చుట్టుకున్నట్టు ఆ పొరలోని కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగులు సూదికి చుట్టుకుంటున్నాయి.

అక్కడితో అయిపోలేదు. పోగులు లాగుడు పడితే వాటి మధ్యనున్న, ఆ పోగులను తయారుచేసే ఫైబ్రోబ్లాస్ట్ కణాలకు ఆ లాగుడు తెలుస్తుంది. చిట్టెలుకల కణజాలంలో సూది తిప్పిన అరగంటకు ఈ కణాలు తమ ఆకారాన్ని నిలబెట్టే లోపలి చట్రాన్ని సర్దుకుని, పరచుకుని, వెడల్పయ్యాయి. ఆ మార్పు సూది ఉన్న చోటే కాదు, కొన్ని సెంటీమీటర్ల దూరం వరకు కనిపించింది. మైక్రోస్కోప్‌లో కణాలు చూసే అలవాటున్న ఎవరికైనా ఇది ముచ్చటేసే సంగతి.

కానీ ఇందులో నొప్పి ఎక్కడ తగ్గింది? కొలిచింది లాగే బలాన్ని, కణం ఆకారాన్ని. షుగర్ ఊసే లేదు. పోనీ, ఆక్యుపంక్చర్ సంప్రదాయం చెప్పే ఫలానా బిందువులోనే గుచ్చాలన్న మాటకైనా బలం దొరికిందా అంటే, ఆ 2001 అధ్యయనంలోనే సంప్రదాయ బిందువుల దగ్గర పట్టు మిగతా చోట్ల కంటే సగటున 18 శాతమే ఎక్కువ. తిప్పడం తెచ్చిన తేడా ముందు ఇది చిన్నదే.

అసలు చిక్కు 2007లో జర్మనీ నుంచి వచ్చింది. దీర్ఘకాలిక నడుము నొప్పి ఉన్న 1162 మంది మీద జరిపిన ప్రయోగం అది. సరైన బిందువుల్లో సూదులు వేసినవాళ్లలో 47.6 శాతం మందికి గుణం కనిపించింది. బిందువులు కాని చోట్ల, పైపైన, తిప్పకుండా గుచ్చినవాళ్లలో 44.2 శాతం మందికి. మామూలు చికిత్స తీసుకున్నవాళ్లలో 27.4 శాతం మందికే. సూదులు వేయించుకున్నవాళ్లకు మేలు జరిగిన మాట నిజం. అయితే తిప్పకపోయినా దాదాపు అంతే మేలు జరిగిందంటే, ఆ ఘనత పోగులు చుట్టుకోవడానిదే అనడం ఎలా కుదురుతుంది? పైపైన గుచ్చినా శరీరానికి ఎంతో కొంత తెలుస్తుందని వాదించేవాళ్లున్నారు. కావచ్చు. అప్పుడు బిందువులు, లోతు, తిప్పే నేర్పు గురించి ప్రకటనల్లో చెప్పే గొప్పలన్నీ తీసేయాల్సిందే.

కాబట్టి మీ ఆరోగ్యం పేజీకి నా విన్నపం. 'రుజువైంది' అని రాసేటప్పుడు అది మనుషుల్లోనా, ఎలుకల్లోనా, కొలిచింది దేన్ని, దేనితో పోల్చి అన్నది అదే వాక్యంలోనో, పక్క వాక్యంలోనో రాయండి. క్లినిక్ ప్రకటనను వ్యాసం ఫాంట్‌లో, వ్యాసం కింద అచ్చు వేయకండి. వేయాల్సి వస్తే ప్రకటన అని పెద్ద అక్షరాల్లో పెట్టండి. షుగర్ మాత్రలు మానేయొచ్చని చెప్పే ప్రకటనలైతే అసలు తీసుకోకండి. వ్యాసంలో కాస్త చోటు మిగిలితే, సూదులు ఒక్కసారి వాడి పారేసేవేనా అని రోగి అడగాలనీ, ఛాతీ మీద లోతుగా గుచ్చితే ఊపిరితిత్తికి చిల్లు పడే ప్రమాదం, అరుదుగానైనా, ఉందనీ రాయండి.

ఇట్లు,
ఒక అనాటమీ అధ్యాపకుడు