వార్షిక నివేదిక: చక్రాల కుర్చీకి అనువైన ఇల్లు

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారాలు.

గడచిన సంవత్సరంలో మన సంఘం చేపట్టిన పనుల వివరాలను కార్యవర్గం తరఫున మీ ముందు ఉంచుతున్నాను. గత సర్వసభ్య సమావేశంలో మీరు ఆమోదించిన తీర్మానం ప్రకారం ఈ ఏడాది మన శ్రమను, నిధులను దాదాపు పూర్తిగా ఒక్క పని మీదనే పెట్టాము. చక్రాల కుర్చీ మీద గానీ మొబిలిటీ స్కూటర్ (నడవడం కష్టమైనవారు కూర్చుని నడిపే చిన్న బ్యాటరీ బండి) మీద గానీ తిరిగే మన సభ్యులు తమ ఇంట్లో తాము ఎవరి కోసమూ ఎదురుచూడకుండా మసలుకునేలా ఆ ఇళ్లను మార్చడమే ఆ పని. పదకొండు ఇళ్లకు వెళ్లి కొలతలు తీసుకున్నాము. వాటిలో ఏడింటిలో పని పూర్తయింది, రెండింటిలో నడుస్తున్నది, మిగిలిన రెండూ అద్దె ఇళ్లు కావడంతో యజమానుల అనుమతి కోసం ఆగి ఉన్నాయి.

ఈ పనిలో మేము నేర్చుకున్నది ముందే చెప్పడం మంచిదనిపిస్తున్నది. ఏడాది మొదట్లో మేము ఇంటిని కొలిచాము. ఏడాది సగం గడిచేసరికి ముందుగా మనిషిని, ఆ మనిషి కూర్చునే కుర్చీని కొలిచి, ఆ తరువాతే గోడల దగ్గరకు వెళ్లడం అలవాటు చేసుకున్నాము. ఈ రెండు పద్ధతుల మధ్య తేడా ఎంతటిదో మొదటి ఇంట్లో జరిగిన పొరపాటు చెబుతుంది. అందులో కార్యవర్గం బాధ్యత ఉన్నది కనుక దానిని దాచకుండా వివరిస్తున్నాను.

ర్యాంపు

ఆ ఇంటి వాకిలికి మూడు మెట్లు ఉన్నాయి. ఒక్కొక్కటి ఆరంగుళాల ఎత్తు, అంటే మొత్తం పద్దెనిమిది అంగుళాలు. అంగుళం ఎత్తుకు అడుగు పొడవు అన్నది ర్యాంపు కట్టే వారందరికీ తెలిసిన లెక్క. ఆ లెక్కన పద్దెనిమిది అడుగుల ర్యాంపు కావాలి. వాకిలికి ఎదురుగా ఉన్న స్థలం పది అడుగులే. ఆ కుటుంబం పడుతున్న ఇబ్బందిని చూసి, ఉన్నంతలో ఏదో ఒకటి త్వరగా చేద్దామన్న ఆతురతతో మేము పది అడుగుల్లోనే ర్యాంపు కట్టించాము. చూడటానికి అందంగానే ఉన్నది. మొదటి రోజు ఆ సభ్యుడు తన చేతులతో చక్రాలు తోసుకుంటూ సగం దూరం ఎక్కేసరికి కుర్చీ ముందు చక్రాలు రెండూ గాలిలోకి లేచాయి. వెనుకనే నిలబడి ఉన్న ఆయన భార్య రెండు చేతులతో పట్టి ఆపకపోతే తల వెనుక భాగం నేలకు తగిలి ఉండేది. వారం తిరగకుండా ఆ ర్యాంపును పగలగొట్టించాము. ఇంటి పక్కగోడ వెంబడి తొమ్మిది అడుగుల చొప్పున రెండు వాలులు, వాటి మధ్య కుర్చీ తిరగడానికి అయిదడుగుల చదును స్థలం వచ్చేలా మళ్లీ కట్టించాము. రెండవసారి అయిన ఖర్చును సంఘమే భరించింది. ఆ కుటుంబం మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. అందుకు కార్యవర్గం వారికి కృతజ్ఞతలతో పాటు క్షమాపణలు కూడా తెలుపుకుంటున్నది.

అంగుళానికి అడుగు, అంటే ఒకటికి పన్నెండు అన్న నిష్పత్తి దాటకూడని హద్దు మాత్రమేనని, అందరికీ సరిపోయే వాలు కాదని మాకు ఆ తరువాత అర్థమైంది. భుజాల్లో బలం తగ్గిన వారికి, తోసేవారు కూడా వయసు మళ్లినవారైనప్పుడు, ఒకటికి పదహారో ఇరవయ్యో ఉంటేనే రోజూ వాడుకోగలుగుతారు. ర్యాంపు పైభాగంలో తలుపు ముందు తప్పనిసరిగా చదునైన స్థలం ఉండాలి. వాలు మీద ఉన్న మనిషి ఒక చేత్తో కుర్చీ వెనక్కి జారకుండా పట్టుకుని, మరో చేత్తో తాళం తీయడం సాధ్యమయ్యే పని కాదు. సిమెంటు ఆరకముందే చీపురుతో అడ్డగీతలు పెట్టించడం వల్ల వానలో కూడా చక్రాలకు పట్టు దొరుకుతున్నదని వాడుతున్నవారే చెప్పారు. అంచుల వెంట నాలుగంగుళాల కట్ట, రెండు వైపులా 34 నుంచి 38 అంగుళాల ఎత్తులో చేతి కమ్మీలు ఇప్పుడు మన పనుల్లో మార్పులేని అంశాలు.

తలుపులు, గడపలు

ఒక సభ్యురాలి ఇంటికి వెళ్లినప్పుడు తలుపు చట్రాలకు నేల నుంచి రెండడుగుల లోపు ఎత్తులో రంగు పూర్తిగా రాలిపోయి, లోపలి చెక్క తేలి కనబడింది. ఆమె చేతుల వైపు చూశాక కారణం తెలిసింది. రెండు చేతుల కణుపుల మీదా చర్మం గీసుకుపోయి, మానిన గాయం మీద మళ్లీ గాయమై ఉన్నది. ఆమె కుర్చీ వెడల్పు ఇరవై ఆరంగుళాలు. చట్రం లోపల ముప్పై అంగుళాలు ఉన్నప్పటికీ, తెరిచిన తలుపు మందం, చట్రంలోని పట్టీ పోగా మిగిలేది ఇరవై ఎనిమిది. చక్రం తోసే చేతికి అటొక అంగుళం, ఇటొక అంగుళం మాత్రమే దక్కుతున్నది. ఆమె దీనిని ఎవరికీ చెప్పలేదు, అందరి ఇళ్లలోనూ ఇంతే ఉంటుందనుకున్నారు.

అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం కింద 2010లో వెలువడిన ప్రమాణాలు, తలుపును 90 డిగ్రీలు తెరిచినప్పుడు కనీసం 32 అంగుళాల ఖాళీ ఉండాలని చెబుతున్నాయి. గోడ పగలగొట్టి చట్రం మార్చే స్థోమత అందరికీ ఉండదు. తెరిచినప్పుడు తలుపును దారిలోంచి పూర్తిగా పక్కకు తప్పించే ప్రత్యేకమైన కీళ్లు బిగిస్తే తలుపు మందమంత చోటు, అంటే సుమారు ఒకటిన్నర అంగుళం, తిరిగి వస్తుంది. ఆ సభ్యురాలి ఇంట్లో రెండు తలుపులకు ఈ కీళ్లు, మూడవదానికి పక్కకు జరిగే తలుపు పెట్టించాము. గడపల విషయంలో మా నియమం సరళమైనది. అర అంగుళం మించిన గడప ఏదైనా తీసివేయాలి, లేదా రెండు వైపులా ఏటవాలుగా చెక్కించాలి. కుర్చీ ముందు చక్రాలు చిన్నవి. వాటికి అంగుళం ఎత్తు గడప కూడా గోడలాగే అడ్డుపడుతుంది.

స్నానాల గది

మాకు అన్నిటికంటే ఎక్కువ సమయం తీసుకున్నది ఈ గదే. అడిగిన ప్రతి సభ్యుడూ ఇబ్బందుల జాబితాలో మొదట చెప్పిందీ దీనినే. వాకిలి దాటలేకపోతే మనిషి ఇంట్లో ఉండిపోతారు. స్నానాల గదిలోకి వెళ్లలేకపోతే ఇంట్లోనే మరొకరి చేతుల మీద బతకాల్సి వస్తుంది. ఆ బాధను సభ్యులు మాకు చెప్పేటప్పుడు గొంతు తగ్గించి చెప్పారు. మన వంతు ప్రయత్నం ఇక్కడ ఎంత చేసినా తక్కువేనని నా అభిప్రాయం.

పక్షవాతం వల్ల ఎడమ వైపు బలహీనపడిన ఒక పెద్దాయన ఇంట్లో మేము వెళ్లేసరికే చేతి కమ్మీ బిగించి ఉన్నది. పని చేసినవారు గోడ ఎడమ వైపు ఉన్నది కదా అని కమ్మీని కూడా అటే బిగించి వెళ్లారు. ఆయన కుడి చేయి దానికి అందదు, ఎడమ చేయి దానిని పట్టుకోలేదు. కుడి వైపున గోడ లేనందున, వెనుక గోడ నుంచి ముందుకు వచ్చి అవసరం లేనప్పుడు పైకి మడుచుకునే కమ్మీని అమర్చాము. అంతటితో సమస్య తీరిందనుకున్నాము. మా ఫిజియోథెరపిస్టు సభ్యురాలు ఆయనను కుర్చీలోంచి కమోడ్ మీదకు, మళ్లీ కమోడ్ నుంచి కుర్చీలోకి మారమని అడిగి చూశారు. వెళ్లేటప్పుడు కుడి వైపుకు జరిగే మనిషి, కుర్చీ అక్కడే ఉంటే తిరిగి వచ్చేటప్పుడు ఎడమ వైపుకు, అంటే పట్టులేని వైపుకు జరగాలి. కుర్చీని తిప్పి రెండవ పక్కన నిలిపే చోటు లేకపోతే కమ్మీ ఒక్కటీ సగం పనే చేస్తుంది. వాష్ బేసిన్‌ను రెండడుగులు పక్కకు జరిపాకే ఆయన ఒంటరిగా వెళ్లి రాగలిగారు.

అప్పటి నుంచి ఏ ఇంట్లోనూ సుద్దముక్కతో నేల మీద గీయకుండా పని మొదలుపెట్టడం లేదు. గది కొలతలను ఖాళీ స్థలంలో గీసి, కమోడ్ ఉన్న చోట ఒక పీట పెట్టి, సభ్యులు తమ సొంత కుర్చీలో వచ్చి తిరిగి చూసుకున్న తరువాతే మేస్త్రీకి ఆ కొలతల నకలు ఇస్తున్నాము. కుర్చీ పూర్తిగా తిరగడానికి అయిదడుగుల వృత్తం కావాలన్నది పుస్తకంలోని లెక్క. కాలు చాపి ఉంచుకోవలసిన వారికి అది చాలదని ఈ సుద్దగీతలే మాకు చూపించాయి. పైన చెప్పిన అమెరికా ప్రమాణాల్లో కమోడ్ సీటు ఎత్తు 17 నుంచి 19 అంగుళాలు, కమ్మీల ఎత్తు 33 నుంచి 36 అంగుళాలు అని ఉంటుంది. ఆ అంకెలు ఎవరు వస్తారో తెలియని బహిరంగ భవనాల కోసం రాసినవి. ఇంట్లో వాడేది ఎవరో మనకు తెలుసు కనుక సీటును వారి కుర్చీ ఎత్తుకే సమానంగా పెట్టించుకోవచ్చు.

కమ్మీని గోడకు బిగించే విషయంలో రాజీ పడవద్దని కోరుతున్నాను. అది కనీసం 250 పౌండ్లు, అంటే సుమారు 113 కిలోల బరువును ఓర్చుకోవాలి. బోలు గోడ మీది టైలుకు రెండు మరలు బిగిస్తే అది పడబోయే మనిషితో పాటే ఊడి వస్తుంది. పట్టుకోవడానికి తువ్వాలు కడ్డీని వాడుతున్న ఇళ్లు రెండు చూశాము, ఆ రోజే వాటిని తీయించాము.

వేడినీళ్ల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. వెన్నుపాము దెబ్బతిన్న వారిలో చాలామందికి కాళ్లలో స్పర్శ ఉండదు కనుక చర్మం కాలుతున్నా తెలియదు. నీళ్లు 49 డిగ్రీల సెల్సియస్ మించకుండా చూసే కవాటాన్ని మూడు ఇళ్లలో బిగించాము. బేసిన్ కింద మోకాళ్లు పట్టేలా 27 అంగుళాల ఖాళీ వదలడంతో పాటు అక్కడి వేడినీటి గొట్టానికి తొడుగు వేయించాము. స్నానాల గది తలుపును బయటకు తెరుచుకునేలా మార్చడం కూడా ఇప్పుడు తప్పనిసరి చేశాము, ఎందుకంటే లోపల మనిషి తలుపు వెనుకే పడిపోతే లోపలికి తెరుచుకునే తలుపును ఎవరూ తీయలేరు.

వంటగది, పడకగది, స్కూటర్

వంటగదుల్లో తక్కువ పనే జరిగింది. రెండు ఇళ్లలో గట్టు ఒక భాగాన్ని 34 అంగుళాలకు దించి, కింది అలమర తీసివేశాము. స్విచ్‌లను కూర్చున్నవారికి అందే ఎత్తుకు మార్చాము.

పడకగదిలో అనుకోని చిక్కు ఒకటి ఎదురైంది. మనిషిని ఎత్తి కుర్చీలోకి మార్చే హాయిస్ట్ యంత్రం కాళ్లు మంచం కిందకు దూరాలి. ఇప్పుడు చాలా ఇళ్లలో మంచాలు నేల దాకా సామాను పెట్టెలతో మూసుకుని ఉంటున్నాయి. యంత్రం కొన్న తరువాత ఈ సంగతి బయటపడితే మంచం కూడా మార్చవలసి వస్తుంది, కనుక హాయిస్ట్ తీసుకునే ఆలోచన ఉన్నవారు ముందు మంచం కిందకు ఒకసారి తొంగి చూడాలని మనవి.

మొబిలిటీ స్కూటర్ వాడే సభ్యులు నలుగురు ఉన్నారు. నాలుగు చక్రాల స్కూటర్ చక్రాల కుర్చీలాగా ఉన్నచోటనే తిరగదు, అందువల్ల దానికి తగ్గట్టు ఇల్లంతా మార్చడం కంటే వాకిలి దగ్గర నీడ, ప్లగ్ పాయింట్ ఉన్న చోట దానిని నిలిపి, లోపల తిరగడానికి కుర్చీలోకి మారే ఏర్పాటు చేయడమే మేలని మా అనుభవం. బయటకు వెళ్లడానికి ఉన్న ఒకే దారిలో స్కూటర్‌ను ఛార్జింగ్ పెట్టవద్దు. బ్యాటరీకి నిప్పంటుకుంటే ఆ ఇంట్లో త్వరగా కదలలేని మనిషికే దారి మూసుకుపోతుంది.

శిక్షణ, అధ్యయనం

మేస్త్రీలు, వడ్రంగులు, ప్లంబర్ల కోసం రెండు శిక్షణ తరగతులు నిర్వహించాము. ఉపన్యాసం కంటే, వారిని చెరో గంట చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తాము కట్టిన ఇంట్లోనే తిరగమనడం ఎక్కువ పనిచేసింది. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్న ఒక మేస్త్రీ తాను వేసిన గడప దగ్గర ఆగిపోయి, కిందకు దిగి, తన చేత్తోనే దాని ఎత్తును తడిమి చూసుకున్నారు.

అధ్యయన బృందం ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికను చదివింది. దాని 19వ అధికరణం ఎక్కడ, ఎవరితో నివసించాలో ఎంచుకునే హక్కు ఇతరులతో సమానంగా వికలాంగులకూ ఉన్నదని చెబుతుంది. చిన్నతనంలో పోలియో సోకి చక్రాల కుర్చీ వాడిన వాస్తుశిల్పి రొనాల్డ్ మేస్, ‘యూనివర్సల్ డిజైన్’ అన్న ఆలోచనను ప్రచారంలోకి తెచ్చారు. కట్టేటప్పుడే అందరినీ దృష్టిలో పెట్టుకుంటే తరువాత పగలగొట్టే పని తప్పుతుందన్న ఆ ఆలోచనలోని నిజాన్ని మొదటి ఇంటి ర్యాంపు మాకు బాగా తెలియజేసింది. కొత్తగా ఇల్లు కట్టుకుంటున్న సభ్యులు ఒక్క మెట్టులేని వాకిలి, వెడల్పాటి తలుపులు, కింది అంతస్తులో ఒక స్నానాల గది ఉండేలా చూసుకోవాలని మా సూచన.

లెక్కలు, వచ్చే ఏడాది పనులు

ఆడిట్ చేసిన జమాఖర్చుల పట్టిక ఈ నివేదికకు జతపరచబడింది. ర్యాంపును రెండుసార్లు కట్టిన ఖర్చును అందులో విడిగా చూపాము.

కార్యవర్గం మూడు ప్రతిపాదనలను మీ ఆమోదం కోసం ఉంచుతున్నది. మొదటిది, అద్దె ఇళ్లలో ఉన్నవారికోసం, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు తీసుకుపోగలిగే అల్యూమినియం ర్యాంపులు కొని అరువుగా ఇవ్వడం. రెండవది, పని పూర్తయిన ప్రతి ఇంటికి మూడు నెలల తరువాత, ఆపై ఏడాదికొకసారి వెళ్లి కమ్మీల మరలు, ర్యాంపు ఉపరితలం, తలుపు కీళ్లు పరీక్షించడం. మూడవది, కొలతలు తీసే ప్రతి బృందంలోనూ చక్రాల కుర్చీ వాడే సభ్యులు కనీసం ఒకరు ఉండాలన్న నియమం. మొదటి ఇంటికి వెళ్లిన బృందంలో అలాంటివారు ఒక్కరు కూడా లేరు.

ఇట్లు,
కార్యదర్శి,
కార్యవర్గం తరఫున