పార్సిల్లో పెట్టిన ఉత్తరం

చిలకలూరిపేట,
ఆదివారం

చిట్టితల్లీ,

కందిపొడి, గోంగూర పచ్చడి పార్సిల్లో వేశాను. పచ్చడిలో తడి స్పూను పెట్టకు. వాట్సాప్‌లో నీలం టిక్కులు పడుతున్నాయి గానీ పదకొండు రోజులుగా నీ జవాబు లేదు. అందుకే కాగితం పట్టాను. పెద్ద విషయమేమీ లేదు.

మీ తెనాలి పెద్దమ్మ ఫోన్ చేసింది. ఆవిడ సంగతి తెలుసుగా, సగం విని మిగతాది కల్పిస్తుంది. నువ్వేదో మందుల షాపుకి నీ ఫార్మసిస్టు సర్టిఫికెట్ అద్దెకిచ్చావని, కదలకుండా నెలకు 5 వేలు వస్తాయని అంది. నేను నమ్మలేదు. ఇక్కడ వానలు బాగానే ఉన్నాయి. అమ్మ మోకాలు కాస్త నయం.

ఉద్యోగం సంగతి నీ ఇష్టం, నేనేమీ చెప్పను. జీడిమెట్లలో మందుల నాణ్యత చూసే క్యూసీ అంటే షిఫ్టులని నీకు విసుగు. పాశమైలారం పేరెత్తితే 2025 జూన్‌లో ఫార్మా ఫ్యాక్టరీ పేలుడు గుర్తొచ్చి అమ్మకు హడలు. ఆసుపత్రి రికార్డులకు కోడ్లు వేసే మెడికల్ కోడింగ్‌లో ఏసీ ఉంటుంది, నువ్వు ఇష్టంగా చదివిన ఫార్మకాలజీకి అక్కడ పెద్దగా పని ఉండదు. మందు వికటించిన కేసులు చూసే ఆ ఫార్మకోవిజిలెన్స్ నీకు నప్పుతుందేమో. జీతం ఒక్కటే చూడకు, ఏం నేర్పిస్తారో అడుగు. బాండు ఉందా అడుగు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టమంటే లేచి వచ్చెయ్. చూశావా, చెప్పనంటూనే మొదలెట్టాను.

నేను షాపులో చేసిన రోజులు నీకు గుర్తుండవు. గోడ మీద ఫ్రేములో ఒకాయన సర్టిఫికెట్ ఉండేది. ఆరేళ్లలో ఆయన్ని రెండుసార్లు చూశాను. ఒక మధ్యాహ్నం డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వచ్చి ఫార్మసిస్టు ఏడీ అంటే, భోజనానికి వెళ్లాడన్నాడు ఓనరు. ఇన్‌స్పెక్టర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. నాలుగయింది. "ఏమయ్యా, పెళ్లి భోజనమా?" అన్నాడు. నాకు నవ్వొచ్చింది కూడా. ఆ ఫార్మసిస్టు అప్పటికి నెల్లూరులో వేరే ఉద్యోగంలో ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్ ఊరికే రాలేదు. అంతకు వారం ముందు ఒక ముసలాయనకు గ్యాస్ బిళ్లకు బదులు షుగరు బిళ్ల వెళ్లింది. కళ్లు తిరిగి పడిపోతే ఆసుపత్రిలో గ్లూకోజు ఎక్కించి బతికించారు. చీటీ చూసి ఇచ్చింది నేనే. నా చదువు ఇంటరు. నోటీసు మాత్రం గోడ మీది పేరుకు వచ్చింది. ఇది అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

డాక్టరు చీటీకి మందులిచ్చేది రిజిస్టరైన ఫార్మసిస్టే అయి ఉండాలనే 1948 ఫార్మసీ చట్టం, 42వ సెక్షన్ నాకంటే నీకే బాగా తెలుసు. ఇప్పుడు జరిమానా 2 లక్షల దాకా, జైలయితే మూడు నెలల దాకా ఉందట. షాపు పని నామోషీ అనడం లేదమ్మా. కౌంటరు దగ్గర నువ్వే నిలబడి మందులిస్తానంటే నాకంతకన్నా ఏం కావాలి?

లోను కిస్తీ నేను కడుతున్నాను, దాని టెన్షన్ నీకొద్దు. డబ్బు చాలకపోతే నన్నడుగు. రాత్రిళ్లు అన్నం మానేసి బిస్కెట్లతో సరిపెట్టకు. తీరిక దొరికితే ఆ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఒకసారి ఫోటో తీసి పంపు. నీ పెట్టెలో బట్టల కింద ఉన్నట్టు కనబడాలి.

మీ నాన్న